ఆలిస్ కోల్ట్రేన్ విన్న ఇండియా

పోయిన రెండు భాగాల్లో బ్లూస్ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఒక్క ఆల్బం దగ్గరే కూర్చుందాం. పోస్టు పొడుగే, తీరిగ్గా చదవండి.

1970 నవంబరు 8. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో డిక్స్ హిల్స్ అనే చోట ఒక ఇల్లు. ఆ ఇంట్లోనే కట్టుకున్న స్టూడియోలో ముప్పై మూడేళ్ల నల్లజాతి స్త్రీ హార్ప్ ముందు కూర్చుంది. పేరు ఆలిస్ కోల్ట్రేన్. భర్త పోయి మూడేళ్లు. నలుగురు పిల్లలు. ఆమెతో పాటు సోప్రానో శాక్సఫోన్ మీద ఫారో శాండర్స్, బేస్ మీద సెసిల్ మెక్‌బీ, డ్రమ్స్ దగ్గర రషీద్ అలీ, గంటలూ టాంబరిన్‌తో మాజిద్ షబాజ్ ఉన్నారు. తులసి అనే పేరుతో ఒకరు తంబుర మీటుతున్నారు. ఆ రోజు వాయించిన నాలుగు పాటలకి, అంతకు ముందు జూలైలో న్యూయార్క్ విలేజ్ గేట్ క్లబ్బులో జనం ముందు వాయించిన ఇంకొక పాటను కలిపి 1971లో ఇంపల్స్ కంపెనీ రికార్డు వేసింది. దాని పేరు 'జర్నీ ఇన్ సచ్చిదానంద'.

ఈ ఆల్బం గురించి మన కుర్రాళ్లలో రెండు మాటలు నడుస్తున్నాయి. జాజ్ అంటే నల్లవాళ్ల తిరుగుబాటు, ఆలిస్ అందులో పెద్ద పేరు, కాబట్టి ఇది మనదే, కళ్లు మూసుకుని వినొచ్చు అనేది ఒకటి. పేరులోనే స్వామీజీ ఉన్నాడు, లోపల శివలోకం ఉంది, ఆమె చివరికి పుట్టపర్తి బాబా భక్తురాలైంది, ఇంకేం వింటాం, అవతల పారెయ్ అనేది రెండోది. మొదటిది వినకుండా మెచ్చుకోవడం. రెండోది వినకుండా తిట్టడం. నాకు ఈ ఆల్బం చాలా ఇష్టం. ఇండియా పేరుతో అందులో వినిపించేది ఊరికి ఒక చివర మాత్రమేనన్న కోపం కూడా ఉంది. ఆ రెండూ ఎందుకో చెబుతాను.

ముందు మోడల్ జాజ్ అంటే ఏమిటో చూద్దాం. 1940ల్లో బీబాప్ అనే జాజ్ వచ్చింది. అందులో కార్డ్‌లు చకచకా మారిపోతాయి. కార్డ్ మారినప్పుడల్లా వాయించేవాడు కూడా తిరగాలి. ప్రతి పది గజాలకీ మలుపున్న సందులో సైకిలు తొక్కినట్టు ఉంటుంది. ప్రతిభ ఉన్నవాడికి అది గొప్ప ఆటే, కానీ కొన్నాళ్లకి ఊపిరాడదు. దానికి విరుగుడుగా వచ్చిందే మోడల్ జాజ్. ఒక స్వరాల వరస తీసుకుని దానిమీదే చాలాసేపు ఉండిపోతారు. మలుపులు తక్కువ, మైదానం ఎక్కువ. మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ'తో ఇది ప్రపంచానికి తెలిసింది. అందులో 'సో వాట్' అనే పాట మొదటి పదహారు బార్లూ ఒకే వరస మీద నడుస్తుంది. తర్వాత ఎనిమిది బార్లు అదే వరస అర స్వరం పైకి జరుగుతుంది, మళ్లీ ఎనిమిది బార్లు వెనక్కి. ఆ స్వరాలు మన లెక్కలో ఖరహరప్రియవే. గమకం లేదు కాబట్టి దాన్ని ఖరహరప్రియ అని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ ఒక వరసలో నిలబడి దాని మూలమూలలూ వెతకడమన్న పద్ధతి మన చెవికి కొత్తేమీ కాదు. ఆ జాజ్ వాళ్లు తూర్పు వైపు చూడటానికి ఇది ఒక కారణం.

ఆ ఆల్బం మొదటి రికార్డింగు జరిగిన 1959 మార్చి 2న మార్టిన్ లూథర్ కింగ్ ఇండియాలో ఉన్నాడు. ఫిబ్రవరిలో వచ్చి నెలరోజులు తిరిగాడు. త్రివేండ్రంలో అంటరాని కులాల పిల్లల బడికి వెళితే అక్కడి ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమందనీ, తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించిందనీ కింగ్ 1965లో తన చర్చి ప్రసంగంలో చెప్పుకున్నాడు. మామూలుగా నల్లవాళ్లకు ఇండియాను చూపించేది ఆశ్రమాలూ గాంధీ భవన్‌లూ. ఆ బడి పిల్లలు ఒక్క పూట ఆ వరస తప్పించారు.

ఆలిస్ పుట్టింది 1937లో, డెట్రాయిట్‌లో. దక్షిణాది పత్తి పొలాలు వదిలేసి ఫ్యాక్టరీ కూలీ కోసం ఉత్తరానికి వెళ్లిన లక్షల నల్లజాతి కుటుంబాలు చేరిన ఊళ్లలో అదొకటి. బాప్టిస్టు చర్చిలో పియానో వాయిస్తూ పెరిగింది. ఆమె అన్న ఎర్నీ ఫారో (సవతి అన్న) జాజ్‌లో బేస్ వాయించేవాడు. అదే డెట్రాయిట్‌లో పెరిగిన యూసఫ్ లతీఫ్ 1961లో 'ఈస్టర్న్ సౌండ్స్' అనే ఆల్బం చేశాడు. పిల్లనగ్రోవి, ఓబో లాంటివి పెట్టి జాజ్‌లోకి తూర్పు గాలి తెచ్చిన తొలి రికార్డుల్లో అదొకటి. అందులో బేస్‌తో పాటు రబాత్ అనే తీగ వాయిద్యం వాయించింది ఎర్నీ ఫారోనే. అంటే తూర్పు సంగీతం ఆలిస్ దగ్గరికి స్వామీజీ కంటే ముందే, సొంత ఇంటి గుమ్మంలోంచే వచ్చింది.

లతీఫ్ ఆ పేరుతో పుట్టలేదు. అహ్మదీయ ముస్లింగా మారి ఆ పేరు పెట్టుకున్నాడు. అహ్మదీయులది మన పంజాబులోని ఖాదియాన్‌లో పుట్టిన శాఖ. 1920లో అమెరికాకి మిషనరీని పంపింది. 1940ల నుంచి చాలామంది జాజ్ వాళ్లు అందులో చేరారు. యజమాని పెట్టిన పేరు వదిలించుకోవడం, 'నీగ్రో' అనే ముద్ర లేని మనిషిగా తనను తాను పిలుచుకోవడం వాళ్లకు కావాలి. జాజ్ అన్న మాటను కూడా లతీఫ్ ఒప్పుకునేవాడు కాదు, తన సంగీతానికి తనే వేరే పేరు పెట్టుకున్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఏం చేశారో తెలిసినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి నల్ల సంగీతకారుల తూర్పు ప్రయాణాన్ని హిప్పీల గంజాయి యాత్రతో కలిపి కట్టకండి. హిప్పీలకి ఇల్లు బోరు కొట్టింది. వీళ్లకి ఇల్లే లేదు.

ఆలిస్ 1963 ప్రాంతంలో జాన్ కోల్ట్రేన్‌ని కలిసింది, 1965లో పెళ్లి. జాన్ గురించి రాస్తే వేరే పుస్తకం అవుతుంది. మనకి కావలసినవి రెండు పాటలు. 1961 నవంబరులో ఆయన 'ఇండియా' అనే పాట వాయించాడు. ఇద్దరు బేస్ వాళ్లు కింద శ్రుతిలా నిలబడి ఉంటే పైన శాక్సఫోన్ తిరుగుతుంది. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ చర్చిలో తెల్ల దురహంకారులు బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపితే, రెండు నెలల తర్వాత 'అలబామా' వాయించాడు. ఆ రెండు పాటలకీ పునాది ఒకటే: కదలకుండా నిలిచిన ఒక స్వరం, దానిమీద మనిషి గొంతు లాంటి శాక్సఫోన్. ఆధ్యాత్మికం అని ఒకదాన్నీ, రాజకీయం అని ఇంకోదాన్నీ విడదీసే పని ఆ సంగీతం దగ్గర కుదరదు.

పండిట్ రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు జాన్. ఆ బాబు పుట్టింది 1965 ఆగస్టు 6న. జాన్ నలభై ఏళ్లకే కాలేయ క్యాన్సర్‌తో చనిపోయింది 1967 జూలై 17న. ఆ రెండు తేదీలు చదివినప్పుడు నేను పేజీ తిప్పలేకపోయాను. జూలై 17 అంటే మనకి 1985 కారంచేడు. ఆగస్టు 6 అంటే 1991 చుండూరు. క్యాలెండర్ చేసిన వట్టి యాదృచ్ఛికం, దానికి అర్థం అంటగట్టను. కానీ ఏ తేదీ ఎవరికి ఏం గుర్తు చేస్తుందన్నది కూడా చరిత్రే.

జాన్ బతికుండగా ఒక పెద్ద హార్ప్‌కి ఆర్డరు పెట్టాడు. ఆయన పోయాక అది ఇంటికి వచ్చింది. పియానో వాయించే ఆలిస్ దాని ముందు కూర్చుని సొంతంగా నేర్చుకుంది. ఆ రోజుల్లో ఆమెకి నిద్ర లేదు, తిండి లేదు, మనిషి సగమైపోయింది. ఆ స్థితిలో స్వామి సచ్చిదానంద దగ్గరికి వెళ్లింది. జాజ్ విమర్శకులు ఆమెను చాలాకాలం జాన్ భార్యగానే చూశారు. 1972లో జాన్ పాత రికార్డింగుల మీద ఆమె వయొలిన్‌ల బృందాన్ని కలిపి విడుదల చేస్తే, మహానుభావుడి ఆస్తిని పాడుచేసిందని మండిపడ్డారు. భార్యకి వారసత్వం కాపలా కాయడానికే గానీ ముట్టుకోవడానికి కాదన్నమాట. ఇది మన దగ్గర కూడా చూస్తుంటాం, ఉద్యమాల్లో సహా.

ఇక ఆల్బం పెట్టండి.

మొదట తంబుర. దాని మీద మెక్‌బీ బేస్ ఒక చిన్న వరస ఎత్తుకుంటాడు, అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఇంతలో హార్ప్ తీగలన్నీ ఒక్కసారి జారుతూ వస్తాయి, చెరువు మీద గాలి లేచినట్టు. అప్పుడు శాండర్స్ శాక్సఫోన్. అరవడానికి పేరుపడ్డ మనిషి ఇక్కడ గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు వాయిస్తాడు. పాట ఎక్కడికీ పోదు. పోవాలన్న తొందర లేదు. దుఃఖం కింద ఉంది, దానిమీద ఒక నిమ్మళం పరిచారు. ఎన్నిసార్లు విన్నా నాకు ఆ రెండు పొరలూ విడివిడిగానే వినిపిస్తాయి. చివరి పాట 'ఐసిస్ అండ్ ఒసైరిస్' ఈజిప్టు దేవతల పేరు మీద. భర్తను చంపి ముక్కలు చేస్తే వాటిని ఏరుకుని మళ్లీ మనిషిని చేసిన భార్య కథ అది. అందులో అరబ్బుల ఊద్ వినిపిస్తుంది. ఆమె తూర్పు అంటే ఇండియా ఒక్కటే కాదు, ఆఫ్రికాలోని ఈజిప్టు కూడా.

ఇప్పుడు ఇంకోసారి వినండి, ఇండియా ఎక్కడుందో వెతుకుతూ. ఆల్బం మొత్తంలో ఇండియా వాయిద్యం ఒక్క తంబురే. తబలా లేదు, మృదంగం లేదు, మన డప్పు సంగతి ఎటూ లేదు. లయ అంతా రషీద్ అలీది, మాజిద్ షబాజ్‌ది, మెక్‌బీది. అంటే ఇండియా నుంచి ఆమె తీసుకుంది శ్రుతి మాత్రమే. లయ తమ వాళ్లది తామే తెచ్చుకున్నారు. ఈ సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది గానీ వెలిగాక ఆల్బం మొత్తం కొత్తగా వినిపించింది.

ఎందుకంటే ఆ డ్రమ్ము వాళ్లకి ఊరికే రాలేదు. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డ్రమ్ములు మోగించుకుంటూ దారిపొడుగునా జనాన్ని కలుపుకుంటూ నడిచారు. తిరుగుబాటును అణిచేశాక మరుసటి ఏడు అక్కడి శాసనసభ చట్టం చేసింది: బానిసలు డ్రమ్ము కొట్టకూడదు, కొమ్ము ఊదకూడదు. డ్రమ్ము మాట్లాడుతుందని యజమానికి తెలుసు. డ్రమ్ము పోయాక వాళ్లు తొడల మీద, రొమ్ము మీద, నేల మీద లయ కొట్టుకున్నారు. న్యూ ఆర్లియన్స్‌లో కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారాలు మాత్రం కొట్టుకోనిచ్చేవారు. జాజ్ పుట్టింది ఆ ఊళ్లోనే. రషీద్ అలీ చేతుల్లో ఉన్నది రెండు వందల ఏళ్ల కింద నిషేధించిన వస్తువు.

మన చరిత్ర దీనికి అద్దంలో బొమ్మ లాంటిది, కుడిఎడమలు మారతాయంతే. వాళ్లని కొట్టొద్దన్నారు. మనల్ని కొట్టి తీరాలన్నారు. ఊళ్లో పెద్దకులం వాడు చస్తే డప్పు, జాతరకి డప్పు, పంచాయితీ చాటింపుకి డప్పు. అది వెట్టి. కొట్టే వాడికి శవం ముందు నడిచే హక్కు ఉంది, గుడి మెట్టు ఎక్కే హక్కు లేదు. నిప్పుసెగ దగ్గర డప్పు కాచుకుని, ఒక చేత సిర్ర, ఒక చేత చిటికెన పుల్ల పట్టి రాత్రంతా కొట్టినవాడికి దక్కేది గింజలో కల్లో. అందుకే మన వాడల్లో ఒక తరం డప్పుని పగలగొట్టింది, మేం కొట్టం అంది, ఆ మాట అన్నందుకు సాంఘిక బహిష్కరణలు అనుభవించింది. తర్వాతి తరం అదే డప్పుని మళ్లీ ఎత్తుకుంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం దండోరా అన్న పేరే పెట్టుకుంది. యజమాని చాటింపు కోసం కొట్టించిన దరువును తన చాటింపు చేసుకుంది. వర్గీకరణ మీద మనలో మనకి వాదాలున్నాయి, ఉండనివ్వండి. డప్పు విషయంలో ఆ మలుపు గొప్పది.

ఇప్పుడు తంబుర ఇచ్చిన చేతుల వైపు చూద్దాం. స్వామి సచ్చిదానంద 1914లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో పుట్టిన రామస్వామి గౌండర్. కొంగునాడులో భూములూ పెత్తనమూ ఉన్న కులం. రిషికేశ్‌లో శివానంద దగ్గర సన్యాసం పుచ్చుకుని, 1966లో న్యూయార్క్ చేరాడు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవాన్ని ప్రారంభించింది ఆయనే. అన్ని మతాలూ ఒకటే అని చెప్పేవాడు. ఆలిస్ ఆ రికార్డు చేసిన మరుసటి నెల ఆయన వెంట ఇండియా వచ్చింది.

అప్పటి ఇండియా ఎలా ఉంది? ఆమె తొలి ఆల్బం వచ్చిన 1968లోనే మన కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత కుర్రాణ్ణి దొంగతనం మోపి, కట్టేసి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవేణ్మణిలో నలభై నాలుగు మందిని, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ, ఒకే గుడిసెలో పెట్టి కాల్చేశారు. చెట్లకి వేలాడిన శవాల చరిత్ర ఉన్న జాతి ఆడమనిషికి ఈ సంగతి చెబితే ఒక్క క్షణంలో అర్థమయ్యేది. చెప్పేవాళ్లు ఆమె నడిచిన దారిలో లేరు. ఆశ్రమం నుంచి ఆశ్రమానికి వేసిన దారి అది. దీనికి ఆమెను తప్పుపట్టను. ఇండియాను ఎగుమతి చేసే పని ఎవరి చేతుల్లో ఉందన్నది ప్రశ్న.

ఆల్బంలో మూడో పాట 'స్టాపోవర్ బొంబాయి'. మూడు నిమిషాలైనా ఉండదు. పేరుకు తగ్గట్టే దిగి, కాళ్లు చాపుకుని, మళ్లీ ఎక్కినట్టు ఉంటుంది. సరిగ్గా ఏడాదిన్నర గడిచేసరికి 1972లో అదే బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, వాళ్ల మిత్రులు దళిత్ పాంథర్స్ పెట్టారు. 1966లో ఓక్లాండ్‌లో మొదలైన బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకున్నారు. ఆమె అక్కణ్ణుంచి తంబుర కోసం ఇటు వస్తోంది, వీళ్లు ఇక్కణ్ణుంచి చిరుతపులి కోసం అటు చూస్తున్నారు. దారిలో ఎదురుపడలేదు. ఫూలే 1873లోనే 'గులామ్‌గిరి'ని బానిసల విముక్తికి పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు పెట్టిన అర్జీ ప్రతి అడిగాడు. డుబాయిస్ జవాబు కూడా రాశాడు. ఆ తీగ తెగిపోకుండా ఇంకో పాతికేళ్లు సాగి ఉంటే జాజ్‌లో ఇండియా వేరేగా వినిపించేదేమో.

ఇంతవరకూ వచ్చి, అయితే తంబుర వాళ్లది, డప్పు మనది అని పంచేసుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. తెలుగు సాహిత్యం చదువుకున్నదాని ఫలితమేమో, ఆ పంపకం నాకు బొత్తిగా నచ్చదు.

తెలుగు నేల మీద తంబురకి సభల బయట పెద్ద బతుకు ఉంది. వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని జనం చెప్పుకుంటారు. ఆ తత్వాలు పాడిన బైరాగుల భుజం మీద ఉన్నది తంబురో ఏకతారో. మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో తత్వాల భజనలు రాత్రుళ్లు నడిచాయి. తత్వాల్లో మాయా వేదాంతం పాలు ఎక్కువే, ఆ వాదన వేరే పెట్టుకుందాం. బుర్రకథలో కథకుడి చేతిలోదీ తంబురే. 1943 నుంచి ప్రజానాట్యమండలి ఆ తంబురతోనే ఊళ్లు కదిలించింది. పొన్నెకల్లులో పుట్టిన పేద ముస్లిం షేక్ నాజర్ దానితోనే జమీందార్ల గుండెలు గుభేలుమనిపించాడు. అటు పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర. గుమ్మడి బుర్రలు, మెట్లు, తీగలు: వీణకి తోబుట్టువే. దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది.

మా నూజివీడు అంటే అందరికీ చిన్న రసాలు. సంగీతం తెలిసినవాళ్లకి వీణ. పనసచెక్క తొలిచి ఇక్కడ వీణ చేసేది ముస్లిం చేతులు. ఆ వీణ ఒళ్లోకి చేరేది మాత్రం సరస్వతి బొమ్మ కింద కూర్చునేవాళ్లకి. మృదంగానికి తోలు తెచ్చి, శుభ్రం చేసి, బిగించే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాస్తే, 2020 జనవరిలో చెన్నై కళాక్షేత్ర ఆ పుస్తకావిష్కరణకి ఇచ్చిన హాలు అనుమతి వెనక్కి తీసుకుంది. ఆవు తోలు మృదంగంలో ఉంటే నాదం, పుస్తకంలో ఉంటే వివాదం!

ఇంకో సంగతి. హార్ప్ పరాయి వాయిద్యమనీ, ఆలిస్ దానిమీద మన సంగీతం అతికించిందనీ రాసేవాళ్లు అమరావతి శిల్పాలు చూడాలి. దాదాపు రెండు వేల ఏళ్ల కింద కృష్ణా ఒడ్డున బౌద్ధులు చెక్కించిన ఆ రాళ్ల మీద స్త్రీలు వాయిస్తున్న వీణ ఇప్పటి వీణలా ఉండదు. విల్లులా వంగి, తీగలు బిగించి ఉంటుంది. అంటే హార్ప్. ఆ కాలంలో వీణ అంటే అదే. బౌద్ధం పోయింది, ఆ వీణా పోయింది. బర్మాలో సౌంగ్ అన్న పేరుతో ఇప్పటికీ వాయిస్తారు. డిక్స్ హిల్స్‌లో ఆలిస్ వేళ్ల కింద ఉన్న వాయిద్యం ఆకారం సచ్చిదానంద స్వామి ఆశ్రమంలో లేదు. మన అమరావతిలో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియాల్సిన అవసరం లేదు. మనకి ఉంది.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1970ల నడుమ ఆమె కంపెనీల జాజ్ నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. తురీయసంగీతానంద అని పేరు మార్చుకుని, 1983లో కాలిఫోర్నియా కొండల్లో అగౌరా దగ్గర ఆశ్రమం పెట్టింది. తర్వాత దాని పేరు సాయి అనంతం. ఆ సాయి మన పుట్టపర్తి సత్యసాయి. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ హెచ్. నరసింహయ్య కమిటీ వేసి, మహిమలు పరీక్షకు నిలబెట్టండి అని అడిగితే రాని బాబా. నా అభిప్రాయం దాచుకోను: నల్ల సంగీతపు ఇంత పెద్ద తెలివి అంత చిన్న గాలి-విభూతి ముందు తలవంచడం నాకు బాధ.

కానీ ఆ ఆశ్రమంలో పాడిన భజనలు విన్నాక ఆ బాధ కూడా అంత తేలిగ్గా నిలబడలేదు. 1982 నుంచి ఆమె క్యాసెట్లు చేసి ఆశ్రమం వాళ్లకే ఇచ్చుకుంది. 2017లో అవి బయట ప్రపంచానికి అందాయి. మాటలు సంస్కృతం, దేవుళ్లు వాళ్లే. పాడే తీరు మాత్రం డెట్రాయిట్ బాప్టిస్టు చర్చిది. చప్పట్లు అక్కడివి, గొంతు ఎగిసే చోటు అక్కడిది, ఒకరు అంటే పదిమంది తిరిగి అందుకునే పద్ధతి అక్కడిది. గుడిలోకి నల్ల చర్చిని తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

మన వాడల్లో దీనికి ఎదురు ప్రయాణం నూట యాభై ఏళ్ల కిందటే జరిగింది. 1859లో రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెలు చర్చి వైపు నడిచాయి. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాటల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. సభా గుమ్మం దాటనివ్వని మనుషులు ఆదివారం పొద్దున్నే చర్చిలో ఆ రాగాలు పాడుకున్నారు. ఎవరూ దాన్ని కర్ణాటక సంగీతం అనలేదు, ఫ్యూజన్ అని కూడా అనలేదు. ఆ దారి నడిచినందుకు ధరా కట్టారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవుడు ఎస్సీ కాడు. వాడలో మాత్రం మాలా మాదిగే.

తెలుగువాళ్లు జాజ్‌లో లేరా అని అడుగుతారు. ఉన్నారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందంలో 2000లో వచ్చిన 'ద బిలీవర్' మీద వాయించిన వేగం వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ బృందం ప్రపంచమంతా తిరిగింది. అయినా అది కచేరీ దారిన వెళ్లిన ప్రయాణమే. డప్పు చేత పట్టుకుని, వెట్టి కథ తోడు తీసుకుని, రషీద్ అలీ లాంటివాడి పక్కన కూర్చున్న రికార్డు నా చెవిన పడలేదు.

వినడం మొదలుపెట్టాలనుకునేవాళ్లకి వరస చెబుతాను. ముందు జాన్ 'అలబామా'. తర్వాత లతీఫ్ 'ఈస్టర్న్ సౌండ్స్', ఎర్నీ ఫారో వేళ్ల మీద చెవి పెట్టి. ఆ తర్వాత 'జర్నీ ఇన్ సచ్చిదానంద' రెండుసార్లు: ఒకసారి తంబుర కోసం, ఒకసారి డ్రమ్ముల కోసం. చివర 2017లో వచ్చిన భజనల సంకలనం. అది వినేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లుంటే పిలవండి. చర్చికి వెళ్లే అమ్మమ్మకి సంస్కృతం తెలియక్కర్లేదు, చప్పట్లు ఎక్కడ పడతాయో తెలుసు.

ఆలిస్ 2007 జనవరి 12న పోయింది. ఆశ్రమం 2018 నవంబరులో వూల్సీ కార్చిచ్చులో కాలిపోయింది. ఆ క్యాసెట్లు మిగిలాయి.

వచ్చే భాగం నాజర్ తంబుర గురించి. బుర్రకథ దళాల్లో తిరిగిన పెద్దలు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ఈలోగా వాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టండి. ఫోన్ చాలు.